ఇడ్లీ బండి ఎంత దూరమో నడక అంత దూరం

విజయవాడ మాచవరం డౌన్‌లో వెంకటప్పయ్య మాస్టారి స్కూటరు శబ్దం ఎరగనివాళ్ళు లేరు. దాని ప్రత్యేకత ఏమిటంటే, ఆ శబ్దం ఎక్కువసేపు వినబడేది కాదు. స్టార్టయ్యేది, ముప్ఫై గజాలు పోయేది, ఆగేది. కిళ్ళీకొట్టుకి స్కూటరే, పాలబూతుకి స్కూటరే, సందు చివర ఇస్త్రీబండికీ స్కూటరే. ఒకసారి ఎదురింటివాళ్ళు వ్రతానికి పిలిస్తే, వీధి దాటడానికి ఆయన స్కూటరు బయటికి తీసి, నాలుగు కిక్కులు కొట్టి, భార్య ఛాయాదేవిని ఎక్కమన్నాడు. ఆవిడ ఎక్కలేదు. ఆయన సందు చివరిదాకా పోయి, తిప్పుకుని, ఎదురింటి గేటు ముందు ఆపేసరికి ఆవిడ ప్రసాదం తినేసి చెయ్యి కడుక్కుంటోంది.

మాస్టారు ఊళ్ళో ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీలో ఇరవయ్యారేళ్ళుగా ఎకనామిక్స్ చెబుతున్నాడు. "మనిషన్నవాడు లాభం లేనిదే వేలు కూడా కదపడు" అన్నది ఆయన ప్రతి ఏడూ మొదటి క్లాసులో చెప్పే మొదటి వాక్యం. వేలు మాటేమోగానీ కాలు మాత్రం ఆయన ఎప్పుడూ కదపలేదని ఛాయాదేవి అంటుండేది.

1998 కార్తీకమాసంలో ఆయనకి షుగరు బయటపడింది. చూసిన డాక్టరు మణికుమార్ ఛాయాదేవికి పిన్ని కొడుకు. రిపోర్టు ఒకసారి చూసి, బావగారి మొహం ఒకసారి చూసి, "రెండొందల ఎనభై. ఒంట్లో రక్తం లేదు బావగారూ, చెరకు పానకం ఉంది" అన్నాడు.

"అయితే ఏం చెయ్యమంటావోయ్?"

"మందులు రాస్తాను. రోజూ పొద్దున్నే నలభై నిమిషాలు నడవండి."

మాస్టారు జేబులోంచి పెన్ను తీసి ఆ రిపోర్టు వెనకాలే లెక్క కట్టాడు. "రోజుకి నలభై నిమిషాలంటే ఏడాదికి రెండొందల నలభై మూడు గంటలు. అంటే పది రోజులు. నడిచినందుకు నా ఆయుష్షు ఏడాదికి పది రోజుల కంటే ఎక్కువ పెరుగుతుందని రాసిస్తావా? రాసివ్వకపోతే నేను నష్టపోయినట్టే కదా!"

మణికుమార్ ఆయనతో మాట్లాడటం మానేసి గుమ్మంవైపు చూశాడు. "అక్కా, నువ్వు కాస్త లోపలికి రా" అన్నాడు.

ఆ సాయంత్రమే ఇంట్లోకి తెల్ల కాన్వాస్ బూట్లొచ్చాయి.

మర్నాడు తెల్లారగట్ల మాస్టారు బూట్లు వేసుకుని, దగ్గర్లో ఉన్న కాలేజీ గ్రౌండుకి వెళ్ళాడు. స్కూటరు మీదే వెళ్ళాడనుకోండి. గ్రౌండు గట్టున సిమెంటు బల్ల కనబడితే కూర్చున్నాడు. చూస్తే నూటపాతిక మంది దాకా గుండ్రంగా తిరుగుతున్నారు. స్వెట్టర్లవాళ్ళు, మంకీక్యాపులవాళ్ళు, పంచె ఎగ్గట్టినవాళ్ళు, చీర మీద బూట్లు తొడిగినవాళ్ళు. అందరూ చేతులూపుకుంటూ ఎంతో అవసరమైన పనున్నట్టు పోతున్నారు. పోయి పోయి బయల్దేరిన చోటికే వస్తున్నారు, మళ్ళీ బయల్దేరుతున్నారు.

ఎక్కడికీ చేరని ప్రయాణానికి ఇంతమంది ప్రయాణికులేమిటని మాస్టారు విస్తుపోయాడు. వీళ్ళకి పిచ్చా? ఈ మూల కనిపిస్తున్నాయన బ్యాంకు మేనేజరు, ఆ మూల ఉన్నాయనకి గొల్లపూడిలో రైసుమిల్లుంది. పిచ్చివాళ్ళు కాదు. మరి వెచ్చటి దుప్పటి వదిలేసి ఇక్కడికెందుకొచ్చారు? వీళ్ళని కదిలించేదేమిటి, నన్ను కదిలించనిదేమిటి?

అలా అరగంట ఆలోచించి ఇంటికొచ్చాడు.

"నడిచారా?" అంది ఛాయాదేవి.

"నడక మీద పని మొదలెట్టాను" అన్నాడాయన.

అబద్ధం కాదు. మార్చిలో బందరులో కోస్తా జిల్లాల ఎకనామిక్స్ లెక్చరర్ల సభలున్నాయి. ఇరవయ్యారేళ్ళలో ఆయన అక్కడ ఒక్క పరిశోధన పేపరూ చదవలేదు. వారం తిరక్కుండా నలభై ఒక్క ప్రశ్నలతో ఒక ఫారం తయారుచేసి మూడొందల కాపీలు జెరాక్సు తీయించాడు. వయసెంత, బరువెంత, చదువెంత, ఇల్లెంత దూరం, షుగరుందా, బీపీ ఉందా, ఇంట్లో అత్తగారున్నారా, నడక మానేస్తే తిట్టేవాళ్ళెవరు, ఇలా సాగుతాయి. ఇవన్నీ ఒక సమీకరణంలో పడేస్తే, మనిషి వారానికి ఎన్ని రోజులు నడుస్తాడన్నదాన్ని ఏది ఎంత ముందుకు తోస్తోందో, ఏది ఎంత వెనక్కి లాగుతోందో తేలుతుంది. అది తేలాక తను నడవాలో వద్దో శాస్త్రీయంగా నిర్ణయించుకోవచ్చు.

చిక్కు ఎక్కడొచ్చిందంటే, ఆగి జవాబు చెప్పే నాథుడు లేడు. నడకసంఘానికి ప్రెసిడెంటు జయకృష్ణ గారు. రైల్వేలో గార్డుగా చేసి రిటైరయ్యాడు, మెళ్ళో విజిల్ మాత్రం రిటైరు కాలేదు. మాస్టారు ఫారం పట్టుకుని అడ్డం వెళితే ఆయన చెయ్యి ఊపి, "బండి స్టేషన్లోనే ఆగుతుంది మాస్టారూ, మధ్యలో ఆగదు! ఆగితే చెమట ఆరిపోతుంది. కూడా నడుస్తూ అడగండి" అంటూ దాటిపోయాడు.

కూడా నడవడమా! మాస్టారు స్కూటరు తీశాడు.

ఆ తర్వాత మూడు రోజులు ఆ గ్రౌండులో జరిగింది ఇప్పటికీ చెప్పుకుంటారు. పరీక్ష అట్ట హ్యాండిలుకి కట్టుకుని, మొదటి గేరులో మనిషి పక్కనే స్కూటరు పోనిస్తూ, ఇంజను మోతని మించి అరుస్తూ ప్రశ్నలడిగేవాడు. "ఏవండీ! ప్రశ్న పధ్నాలుగు! రాత్రి ఫ్యాను కింద పడుకుంటారా, డాబా మీదా?" అవతలాయన దగ్గుతూ "డాబా!" అనేవాడు. "ఆఁ? బాబా?" "డాబా అండీ, డాబా!" మంచిగాలి పీల్చుకుందామని వచ్చినవాళ్ళు స్కూటరు పొగ పీల్చి కళ్ళు తుడుచుకునేవారు. మూడోరోజున బ్యాంకు మేనేజరుగారి అత్తగారి సంగతి రాసుకుంటూ మాస్టారు స్కూటరుతో సహా లాంగ్‌జంపు ఇసకగోతిలోకి దిగిపోయాడు. దెబ్బలేం తగల్లేదు. జయకృష్ణ గారు విజిలేసుకుంటూ వచ్చి, ఇకపై గ్రౌండులోకి ఇంజనున్న వస్తువేదీ రాకూడదని అక్కడికక్కడే తీర్మానం చేశాడు.

ఇక గత్యంతరం లేదు. అట్టకి తాడు కట్టి మెళ్ళో వేసుకుని, మాస్టారు కాళ్ళ మీదే బయల్దేరాడు. ఆ వేషం చూసి జనం రకరకాలుగా అనుకున్నారు. ఒకాయన రేషన్‌కార్డులో మనవడి పేరెక్కించమన్నాడు. ఒకావిడ తమ వీధి కుళాయికి నీళ్ళు రావటంలేదని రెండు రౌండ్లపాటు తిట్టింది. రైసుమిల్లు ఆయన మాత్రం దూరం నుంచి చూసి గోడ దూకి వెళ్ళిపోయాడు. ఆయన ఏమనుకున్నాడో ఆయనకే తెలియాలి.

అసలు ప్రశ్న చివరిది: మీరెందుకు నడుస్తున్నారు? అందరూ మొదట "ఆరోగ్యం కోసమండీ" అనేవారు. ఇంకో అరరౌండు కూడా నడిస్తే నిజం బయటికొచ్చేది. ఒకాయన ఇంట్లో ఎనిమిదిమందికి ఒకటే బాత్రూము, ఆయన వంతు ఏడింటికి. ఇంకొకాయనకి అయిదున్నరకల్లా కరెంటు పోయి ఫ్యాను ఆగుతుంది, దోమలు లేపి కూర్చోబెడతాయి. కరెంటాఫీసులో పనిచేసే ఆయన అక్కడే ఉండి, ఆ జవాబు మాత్రం రాసుకోవద్దని బతిమాలాడు. వియ్యంకుడు రోజూ అయిదు రౌండ్లు తిరుగుతున్నాడని తెలిసి ఆరు తిరుగుతున్నాయన ఒకడు.

రెండు నెలల్లో రెండొందల పన్నెండుమంది అయ్యారు. బీసెంటురోడ్డు పక్కసందులో కంప్యూటరు సెంటరుంటే అక్కడికి కట్టలు తీసుకెళ్ళాడు. అక్కడి అమ్మాయి నాలుగు రోజులు కష్టపడి అంకెలన్నీ ఎక్కించి మీట నొక్కింది.

"పదకొండండీ" అంది.

"ఏం పదకొండు?"

"మీరు రాసిన కారణాలన్నీ కలిపితే మనుషులెందుకు నడుస్తున్నారో నూటికి పదకొండు పాళ్ళు తెలిసిందండి."

"మిగతా ఎనభై తొమ్మిది?"

"ఎర్రరండి."

"రెండొందల పన్నెండుమంది పెద్దమనుషుల్ని పట్టుకుని ఎర్రరంటావేంటమ్మా!" అని కోప్పడ్డాడుగానీ, ఇంటికొచ్చాక అన్నం సహించలేదు. బాత్రూములూ, దోమలూ, అత్తగార్లూ, వియ్యంకులూ అందరూ కలిసి పదకొండు పాళ్ళేనా!

ఆ ఎనభై తొమ్మిది పాళ్ళ జాడ జనవరి చివర్లో తెలిసింది. ఒక సోమవారం గ్రౌండులో జనం పల్చగా ఉన్నారు. మాస్టారు అలవాటుకొద్దీ లెక్కపెట్టాడు, తొంభై ఏడు. మర్నాడు అరవై. ఆ మర్నాడు ముప్ఫై ఒకటి. మంచు మూలాననుకున్నాడు. మంచు విడిచి ఎండ కాసినరోజు ఇరవై ఆరు. ఇదేమి తెగులో అర్థంకాక వారమంతా బుర్ర గోక్కున్నాడు. తొమ్మిదోరోజు వెళ్ళేసరికి నూట యాభైమంది గిర్రున తిరుగుతున్నారు. గేటు దగ్గర ఆవిరి పొగలు, అల్లం చట్నీ వాసన.

శౌరమ్మ తిరిగొచ్చింది. కూతురి పురిటికని హనుమాన్ జంక్షన్ వెళ్ళి, ఎనిమిది రోజులుండి వచ్చింది. ఆవిడ ఇడ్లీ బండి ఆ గేటు పక్కన ఏడేళ్ళుగా ఉంది. నడకైపోయినవాళ్ళంతా అక్కడే నిలబడి, విస్తరాకు ముక్కలో మూడేసి ఇడ్లీలు, కారప్పొడి, పైన నెయ్యిచుక్క వేయించుకుంటారు. మాస్టారు కూడా రోజూ తింటూనే ఉన్నాడు. నలభై ఒక్క ప్రశ్నల్లో ఇడ్లీ అన్నమాట ఎక్కడా లేదు!

ఆయన చేతిలో ఆకు అలా పట్టుకుని నిలబడిపోయాడు. చట్నీ మోచేతిదాకా కారింది. తుడుచుకుంటూనే ఆలోచించాడు. బండి లేకపోతే నడక లేదని తేలింది. మరి బండి దూరంగా జరిగితే? నడక తగ్గుతుందా, పెరుగుతుందా?

జనం పల్చబడేదాకా ఆగి, "శౌరమ్మా, రోజూ బండి రెండేసి కరెంటు స్తంభాల చొప్పున అలా కాలవ గట్టమ్మట జరపగలవా?" అని అడిగాడు.

"ఎందుకండీ?"

"శాస్త్రం కోసం."

"వాస్తుశాస్త్రమాండీ?" అంది శౌరమ్మ, గరిటె కింద పెట్టి. "మేం చర్చికెళ్ళేవాళ్ళమనుకోండి, అయినా వాస్తుకి మతమేముందిలే. ఈ గేటు వీధిపోటని మా ఆడపడుచు ఎప్పట్నుంచో అంటానే ఉంది. తూర్పుకి జరిగితే మంచిదంటారా?"

ఏలూరు కాలవ గట్టు తూర్పుకే పోతుంది. ఇరవయ్యారేళ్ళుగా పిల్లలకి నిజమే చెప్పిన నాలుక. మాస్టారు దానితోనే "తూర్పు మంచిదే" అన్నాడు.

మర్నాటి నుంచి ఇడ్లీ బండి తూర్పుకి బయల్దేరింది.

మొదటిరోజు ఎవరూ పట్టించుకోలేదు. నాలుగోరోజు కాస్త సణిగారు. వారం తిరిగేసరికి గ్రౌండులో రౌండ్లు కొట్టడం మానేసి, పొద్దున్నే తిన్నగా గట్టు పట్టుకుని బండి వెతుక్కుంటూ పోవడం మొదలెట్టారు. మున్సిపాలిటీవాళ్ళు తరిమేశారని ఒకరు, గట్టు మీద రోడ్డు వెడల్పు చేస్తారట అని ఒకరు. ఒక్కరూ మానలేదు. అంతకుముందు సగటున మనిషికి రెండు కిలోమీటర్ల నడకుంటే, ఫిబ్రవరి మధ్యకొచ్చేసరికి మూడున్నరైంది. మాస్టారు రాత్రిళ్ళు నిద్రలో నవ్వేవాడు. క్లాసులో చెప్పే 'డిమాండు వ్యాకోచత్వం' గుర్తొచ్చి దీనికి 'ఇడ్లీ వ్యాకోచత్వం' అని పేరు పెట్టాడు. బండి దగ్గరికి ఎవరు ఎన్నింటికొచ్చారో, ఎన్ని తిన్నారో రాసుకోవడంతోనే సరిపోయేది. రాయడం పూర్తయ్యేసరికి గిన్నెలో ఇడ్లీలు కూడా పూర్తయ్యేవి.

ఇరవైరోజులు గడిచాక జయకృష్ణ గారు బండి దగ్గర విజిలేశాడు. తింటున్నవాళ్ళంతా ఆగారు.

"నలభయ్యో స్తంభం!" అన్నాడాయన. "ముప్ఫై ఏళ్ళు గార్డుగా చేశాను. స్తంభాలు లెక్కపెట్టకుండా నడవడం నాకు చాతకాదు. ఈ బండి రోజుకి సరిగ్గా రెండు స్తంభాలు జరుగుతోంది. ఒక స్తంభం ఎక్కువ లేదు, తక్కువ లేదు. మామూలు మనుషులు ఇంత కచ్చితంగా ఏ పనీ చెయ్యరు. దీని వెనకాల ఎవరో చదువుకున్నవాడున్నాడు."

"మాస్టారే వాస్తు చూశారండీ" అంది శౌరమ్మ, ఆయనకి గౌరవం చేద్దామని.

ఎనభై మొహాలు ఒక్కసారి మాస్టారివైపు తిరిగాయి. ఆయన దాచలేదు. ఉన్నదున్నట్టు చెప్పేశాడు.

"అంటే మమ్మల్ని ఎలకల్ని చేశారా?" అన్నాడు బ్యాంకు మేనేజరు.

"నా మోకాళ్ళు! నా మోకాళ్ళు!" అన్నాడు రైసుమిల్లు ఆయన.

"ఆగండాగండి" అన్నాడు మాస్టారు చేతులు పైకెత్తి. "మీరిప్పుడు అంతకుముందుకి దాదాపు రెట్టింపు నడుస్తున్నారు! నవంబరులో మీ బరువులు నా ఫారాల్లో ఉన్నాయి. ఇప్పుడు తూయించుకోండి. తగ్గకపోతే నన్నడగండి."

ఆవేశంలో అన్నమాట. జయకృష్ణ గారు అదే పట్టుకున్నాడు. ఆ ఆదివారం ముప్ఫై ఎనిమిదిమంది ప్లాట్‌ఫారం టిక్కెట్లు కొనుక్కుని, విజయవాడ స్టేషన్లో రంగురంగుల లైట్లు తిరిగే బరువుల మిషను ముందు క్యూ కట్టారు. జయకృష్ణ గారు మిషన్లోంచి పడ్డ బరువు టిక్కెట్లు తీసి చదువుతుంటే మాస్టారు ఫారం చూసి సరిపోల్చాలి. రైలు కోసం వచ్చినవాళ్ళు కూడా పెట్టెలు దించి చుట్టూ చేరారు.

"నవంబరు డెబ్భై ఎనిమిది" అన్నాడు మాస్టారు.

"ఇప్పుడు ఎనభై! జాతకం, మీకు త్వరలో పదవీయోగం" అని చదివాడు జయకృష్ణ గారు. అది ఆయన టిక్కెట్టే.

బ్యాంకు మేనేజరు కిలోన్నర పెరిగాడు. రైసుమిల్లు ఆయన ఎక్కగానే లైట్లారిపోయాయి. ముప్ఫై ఎనిమిదిమందిలో ఒక్కరూ తగ్గలేదు. మాస్టారు బండి దగ్గర రాసుకున్న పుస్తకం తిరగేస్తే సంగతి అక్కడే ఉంది. నడక పెరిగినకొద్దీ ఆకలి పెరిగింది. మూడు తినేవాళ్ళు అయిదు, అయిదు తినేవాళ్ళు ఎనిమిది తింటున్నారు.

"మీరూ ఎక్కండి" అన్నారెవరో.

ఎక్కాడు. డెబ్భై ఏడు. మాస్టారు నవంబరులో ఎనభై నాలుగు. అందరితోనూ అటూ ఇటూ నడిచి, రాతకోతల్లో పడి ఇడ్లీ అందని మనిషి ఆయనొక్కడే. దాంతో జనానికి ఇంకా ఒళ్ళు మండింది. ఏడు కిలోలు తగ్గిన ఆనందం ఆయనకి ఒక్క నిమిషం కూడా దక్కలేదు. వెధవది, తన పేరే శాంపిల్లో లేదు!

సోమవారంకల్లా బండి గేటు దగ్గరికి రావాలని సంఘం తీర్మానించింది. మాస్టారే వెళ్ళి చెప్పాల్సొచ్చింది. అప్పటికి బండి రామవరప్పాడు రింగు దగ్గరికి చేరింది. ఏలూరు నుంచొచ్చే బస్సులూ లారీలూ అక్కడ ఆగుతాయి. శౌరమ్మ రెండో పొయ్యి పెట్టింది, చేతిసాయానికి ఆడపడుచుని తెచ్చుకుంది.

"వెనక్కి రావాలా?" అని నవ్వింది. "ఎనిమిదిన్నరకల్లా పిండి అయిపోతోందండి ఇక్కడ. మీ వాస్తు మహా బాగా పనిచేసింది మాస్టారూ. ఇప్పుడు పడమరకి జరగమంటే ఎట్టా?"

మాస్టారు మొదటి క్లాసులో చెప్పే సిద్ధాంతం ప్రకారం ఆవిడ చేస్తున్నదే సరైన పని.

మరుసటి వారం ఏం జరిగిందంటే, నడకసంఘం రామవరప్పాడు రింగుకి హాజరైంది, స్కూటర్ల మీద. గట్టు పక్కన యాభై రెండు స్కూటర్లు వరసగా స్టాండేసి ఉన్నాయి. ఎవరి బూట్లకీ దుమ్ము లేదు. అందరూ తాపీగా ఎనిమిదేసి ఇడ్లీలు తిని, కిక్కు కొట్టుకుని వెళ్ళిపోయారు. గ్రౌండులో కుక్కలు తప్ప ఎవరూ లేరు. సమీకరణంలో ఎన్ని కారణాలు రాసినా, స్కూటరన్నది ఒకటుంటుందని, ఆ పేటకంతటికీ పేరుమోసిన స్కూటరు మనిషికి తట్టలేదు.

మార్చిలో బందరు సభలకి ఛాయాదేవి కూడా బయల్దేరింది, బందరు హల్వా కొనుక్కోవాలని. చివరి వరసలో కూర్చుంది. మాస్టారు పేపరు చదివాడు. పదకొండు పాళ్ళ సంగతీ, వాస్తు అబద్ధమూ, బరువుల మిషనూ, యాభై రెండు స్కూటర్లూ ఏదీ దాచకుండా చెప్పాడు. హాలు పడీపడీ నవ్వింది. గుడివాడ నుంచొచ్చిన లెక్చరరొకాయన లేచి, ప్రయోగం జరిగినన్నాళ్ళూ అల్లం చట్నీ రుచి మారకుండా ఉందా అని చాలా గంభీరంగా అడిగాడు. అధ్యక్షుడు బండి అడ్రసు రాసుకున్నాడు.

"ఇంకెవరికైనా ప్రశ్నలున్నాయా?"

చివరి వరసలో చెయ్యి లేచింది.

"మీ రెండొందల పన్నెండుమందిలో ఆడవాళ్ళెంతమందండీ?" అంది ఛాయాదేవి.

ఆయన కాగితాలు తిరగేశాడు. "పంతొమ్మిది."

"ఎవరు వాళ్ళు?"

"పదకొండుమంది ఉద్యోగాలు చేసి రిటైరైనవాళ్ళు. ఏడుగురికి ఇంట్లో కోడళ్ళున్నారు. ఒకావిడ..." ఫారం దగ్గరగా పెట్టుకుని చదివాడు. "ఒకావిడ ఆ పూట మొగుడితో పోట్లాడి వచ్చింది."

"మరి మిగతా ఆడవాళ్ళంతా ఆ వేళకి ఎక్కడున్నారు?"

నలభై ఒక్క ప్రశ్నల్లో అదీ లేదు. ముందువరసలో ఇద్దరు లేడీ లెక్చరర్లు మాత్రం చప్పట్లు కొట్టారు.

తిరుగుబస్సు పామర్రు దాటింది. మాస్టారు సంచిలోంచి మిగిలిపోయిన ఫారమొకటి తీసి, అట్ట ఒళ్ళో పెట్టుకున్నాడు.

"పేరు?" అన్నాడు.

"ఇరవయ్యెనిమిదేళ్ళయింది కాపరానికొచ్చి. పేరు తెలీదా?"

"పద్ధతి ప్రకారం అడగాలి ఛాయా. పేరు?"

ఆవిడ హల్వా నములుతూ అన్నిటికీ జవాబులు చెప్పింది. ఉయ్యూరు దగ్గర చివరికొచ్చారు. నడవాలని ఉందా? ఉంది. ఎప్పట్నుంచి? మీకు బూట్లు కొన్నరోజు నాకూ ఒక జత కొనుక్కున్నాను, బీరువాలో ఉన్నాయి. మరెందుకు నడవట్లేదు? ఆవిడ ఆయనవైపు తిరిగి, "అయిదున్నరకి పాలు కాచేదెవరు? మీరొచ్చేసరికి కాఫీ ఉండాలి, ఏడింటికి కుళాయి పట్టాలి, ఎనిమిదికి మీ క్యారేజీ కట్టాలి. పొద్దున నా చేతిలో నలభై నిమిషాలు ఎక్కడున్నాయో మీరే లెక్క కట్టి చూపించండి" అంది.

ముందుసీట్లో కూర్చున్నావిడ వెనక్కి తిరిగి, "నాది కూడా రాసుకోండి బాబూ" అంది. కంకిపాడొచ్చేసరికి బస్సులో తొమ్మిదిమంది ఆడవాళ్ళు రాయించుకున్నారు. తొమ్మిది జవాబులూ ఒకటే.

మర్నాడు తెల్లారగట్ల వెంకటప్పయ్య మాస్టారు జీవితంలో మొదటిసారి పొయ్యి వెలిగించాడు. పాలు పొంగి పొయ్యి ఆరిపోయింది. రెండోసారి డికాషన్లో ఫిల్టరు మూత పడింది. ఛాయాదేవి బీరువాలోంచి బూట్లు తీసి వేసుకుని, ఆ కాఫీ ఒక గుక్క తాగి, ఏమీ అనకుండా వెళ్ళిపోయింది. నలభై నిమిషాలన్నది గంటంబావుకి వచ్చింది. మొహం ఎర్రగా కందిపోయి, చిన్నపిల్లలా వగరుస్తూ, "కాలవ మీద సూర్యుడు ఎంత బాగున్నాడండీ!" అంది. ఆయన మసిగుడ్డ పట్టుకుని అలా చూస్తుండిపోయాడు. ఇన్నేళ్ళలో ఆవిడ ఆ గొంతుతో మాట్లాడటం ఆయనెప్పుడూ వినలేదు.

మగవాళ్ళు కాఫీ పెడితే ఆడవాళ్ళ నడక ఎంత పెరుగుతుందో తేలుద్దామని ఆయన రెండో ప్రయోగం తలపెట్టాడు. నడకసంఘంలో ముప్ఫై ఇళ్ళు అడిగితే ఆరిళ్ళు ఒప్పుకున్నాయి. అందులో జయకృష్ణ గారొకరు. కాఫీ అవగానే విజిలేసేవాడు. అయినా ఆ ఆరిళ్ళనీ చూసి ఇంకొందరు అందుకోగా, ఏడాది తిరిగేసరికి ఆ ఖాళీ గ్రౌండులో పొద్దుటిపూట నలభైమంది ఆడవాళ్ళు కనబడసాగారు. సమీకరణం ఈసారి నూటికి అరవై పాళ్ళు పలికింది. కంప్యూటరు సెంటరు అమ్మాయి కుర్చీలోంచి లేచి నిలబడిందట.

బందరులో చదివిన పేపరుకి ఈ కాఫీ లెక్క కూడా జతచేసి పంపితే, 2001లో లెక్చరర్ల సంఘంవాళ్ళు తమ సంచికలో అచ్చేశారు. డీటీపీ చేసినవాడు ఎవడోగానీ పుణ్యాత్ముడు, ఇడ్లీ అన్నచోటల్లా ఢిల్లీ అని కొట్టాడు. 'ప్రజల నడకపై ఢిల్లీ ప్రభావం' అని శీర్షిక. 'ఢిల్లీ దూరమైనకొద్దీ ప్రజలు మరింత నడుస్తున్నారు. ఢిల్లీ బొత్తిగా లేనప్పుడు ఎవరూ కదలడం లేదు' అని లోపల. మాస్టారు తల పట్టుకున్నాడు. ఛాయాదేవి పడకకుర్చీలో కూర్చుని పైకి చదువుతూ, 'వేడివేడి ఢిల్లీని అల్లం చట్నీతో' అన్నచోటికొచ్చేసరికి నవ్వలేక పుస్తకం మొహానికి అడ్డం పెట్టుకుంది.

పదిరోజులకి ఏలూరు నుంచి ఉత్తరమొచ్చింది. అక్కడి రాజనీతిశాస్త్ర సమితివాళ్ళు కేంద్ర రాష్ట్ర సంబంధాల మీద ఇంత సాహసోపేతమైన వ్యాసం ఇటీవల చదవలేదని రాస్తూ, తమ వార్షిక సభలో ఆయన్ని ముఖ్యవక్తగా పిలిచారు. మాస్టారు తప్పు సవరిస్తూ నాలుగు పేజీల జవాబు రాశాడు. అది ఎవరూ చదివినట్టు లేదు. కారు పంపించేశారు.

వెళ్ళక తప్పలేదు. వేదికెక్కి, దండ వేయించుకుని, నిజమే చెప్పాలనుకున్నాడు. పొద్దున్నే అయిదున్నరకి పాలు ఎవరు కాస్తున్నారన్నదాన్నిబట్టే ఇంట్లో ఎవరు బయటికి కదలగలరో తేలుతుందని గంటసేపు మాట్లాడాడు. పొంగిన పాల గురించి చెప్పాడు, డికాషన్లో పడ్డ మూత గురించి చెప్పాడు. జనం శ్రద్ధగా విన్నారు, ఒకరిద్దరు రాసుకున్నారు. ఢిల్లీ ప్రసక్తి ఒక్కసారైనా రాలేదు.

చివర్లో కార్యదర్శి మైకు ముందుకొచ్చి, "కేంద్రం దగ్గర పెత్తనమంతా పోగుపడితే రాష్ట్రాలు ఎలా అడుగు ముందుకెయ్యలేవో, వంటింటి భాషలో ఇంత తేటగా చెప్పినవారు ఇంతకుముందు లేరు" అని వందన సమర్పణ చేశాడు.